చైనా చారులో నల్ల రేకు

ఆళ్లగడ్డ నుంచి మా సీతక్క రాసిన ఉత్తరం 1980 ఆగస్టులో గుంటూరుకు వచ్చింది. సీతక్క మా పెదనాయన కూతురు. కవరు విప్పితే కాగితంతో పాటు ఎండిపోయిన నల్లటి రేకులు రెండు ఒళ్లో పడ్డాయి. నలిగిన తోలు ముక్కల్లా ఉన్నాయి. "నాయన పెట్టెలో చైనా చారు రాసిన కాగితం దొరికింది. అన్నీ అర్థమయినాయి. 'నల్ల రేకు పిడికెడు' అని రాసినాడు, అదొక్కటి ఏందో తెలీదు. ఇవి డబ్బాలో ఉండాయి. నువ్వు చదువుకున్నదానివి, కనుక్కొని రా. మా నాయన తెలివితక్కువోడా, అబద్ధాలోడా, అది నాకు తేలాల." ఉత్తరం అంతే. క్షేమ సమాచారాలు రాసే అలవాటు మా సీతక్కకు మొదటినుంచీ లేదు.

ఆ ప్రశ్న ఎక్కడిదో చెప్పాలి. మాది అహోబిలం వైపు నుంచి వచ్చి నంద్యాలలో స్థిరపడిన వైష్ణవ కుటుంబం. పెదనాయన యుద్ధం రోజుల్లో కలకత్తా వెళ్లి ఒక పటాలం క్యాంటీనులో వంట చేశాడు. అక్కడ ఒక చైనా వంటవాడి దగ్గర ఈ చారు నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక మా వీధిలోని చిన్న పెరుమాళ్ల గుడిలో తళిగ, అంటే దేవుడి నైవేద్యం, వండేవాడు. వాన పట్టిన రోజున మాత్రం ఇంట్లో పిల్లలకు చైనా చారు కాచేవాడు. మిరియాల ఘాటు, చింతపండు పులుపు, మధ్యలో పళ్ల కింద కరకరమనే నల్ల ముక్కలు. "చెవులు" అని మేమే పేరు పెట్టుకున్నాం.

ఒకరోజు గుడి పెద్దలు కూడా ఆ చారు తాగారు. మారు వడ్డించమని అడిగి మరీ తాగారు. మర్నాడు నీళ్ల పంపు దగ్గర నేను, పదేళ్లదాన్ని, "మా ఇంట్లో నల్ల చెవుల చారు!" అని గొప్పలు పోయాను. కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి మూతికి మూకుడు లేదు. సాయంత్రానికి పెదనాయనను పిలిచి అదేమిటని అడిగారు. "ఏందో నాకూ తెలీదు, కలకత్తాలో ఇస్తే వేస్తాండా" అన్నాడట. ఏం వండుతున్నాడో తెలియనివాడు దేవుడి పొయ్యి ముట్టరాదని తీర్పు చెప్పారు. ఆయన ఆళ్లగడ్డ పోయి బస్టాండు దగ్గర కాఫీ హోటలు పెట్టుకున్నాడు, చనిపోయేదాకా మళ్లీ తళిగ వండలేదు. ఆ సంగతి వీధిలో వేసింది నేనేనని నేను ఎవరికీ చెప్పలేదు.

నేను పాఠాలు చెప్పే బడికి మూడు రోజులు సెలవు పెట్టి, ఉదయం ఆరున్నరకు గుంటూరులో మీటరుగేజి బండి ఎక్కాను. ఈ బండిలో వెళ్లదలచినవాళ్లకు నా సలహా: కిటికీ దగ్గర కూర్చుంటే బొగ్గు నుసి కళ్లలో పడుతుంది, దూరంగా కూర్చుంటే నల్లమల కనబడదు. నేను నుసికే సిద్ధపడ్డాను. వినుకొండలో కాఫీ, మార్కాపురం రోడ్డు దాటాక ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర. గిద్దలూరులో ఒక పెద్దావిడ సజ్జరొట్టెల మూటతో ఎక్కి నా పక్కన సర్దుకుంది.

"యాడికి పోతాండావమ్మా?"

"నంద్యాల మీదుగా ఆళ్లగడ్డకు."

"గుంటూరు మాట మాట్లాడతాండావే!" అని నవ్వింది. పెళ్లయి పదిహేనేళ్లు గుంటూరులో ఉంటే, అక్కడ నన్ను సీమమనిషి అంటారు, ఇక్కడ గుంటూరు మనిషి అంటారు. నేను ఆవిడకు రేకు చూపించాను. వాసన చూసి, "ఎండబెట్టిన వంకాయ వరుగు గాదు, మటిక్కాయ వరుగు గాదు. నాకు తెలీనిది ఇంట్లోకి రానీను" అని తిరిగి ఇచ్చేసింది.

దిగువమెట్ట దాటాక బండి అడవిలో పడింది. వాన కురిసి వెలిసిన కొండలు, తడి ఆకుల వాసన. బొగద సొరంగంలో పిల్లలంతా ఒక్కసారి కేకలు పెట్టారు. చిన్నప్పుడు నేనూ అలాగే కేక పెడితే పెదనాయన నా నోరు మూసేవాడు కాదు, ఆయనే నాకంటే గట్టిగా అరిచేవాడు. గాజులపల్లె దాటాక నేల చదునై, నల్లరేగడి చేలు మొదలయ్యాయి. నంద్యాలలో దిగేసరికి నాలుగుంబావు.

ఆ రాత్రికి బస నా చిన్ననాటి స్నేహితురాలు సుబ్బరత్న ఇంట్లో. జట్కా ఎక్కి, దారిలో పసారి కొట్టు ముందు ఆపించాను. మూలికలు, దినుసులు అమ్మే ముసలాయన. ఆయన పద్ధతి మారలేదు: ఏది ఇచ్చినా ముందు కొరికి చూస్తాడు, తర్వాతే మాట. రేకును ముందు పంటితో కొరికి, నమిలి, ఉమ్మి, "మందు గాదు, దినుసు గాదు. చెట్టు బెరడు మాదిరి ఉండాది, బెరడు గాదు" అన్నాడు. ఉన్న రెండు రేకుల్లో ఒకటి అలా ఆయన పాలయింది.

సుబ్బరత్న భర్త పంటల తెగుళ్లు చూసే ఉద్యోగి. నేను చెప్పినదంతా విని, గ్లాసులో వేడినీళ్లు తెప్పించి మిగిలిన రేకు వేశాడు. పావుగంటకు అది విచ్చుకుంది. అచ్చం చెవిలా, మెత్తగా, గోధుమ నలుపు రంగులో. భూతద్దంతో అటూ ఇటూ చూశాడు.

"ఆకు గాదు, బెరడు గాదమ్మా. పుట్టగొడుగు. చచ్చిన చెట్ల మీద లేస్తాది. చైనావాళ్లు ఎండబెట్టి తింటారు. వానలు పడితే మన నల్లమలలో గూడా లేస్తాది ఇట్లాంటిది."

సుబ్బరత్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లే గడప దాటవు. పుట్టగొడుగు పేరు ఎత్తితేనే పెద్దవాళ్లు చెవులు మూసుకునేవారు. మాంసం కాదన్న ఊరట ఒక పక్క, నిషిద్ధమే అన్న బెంగ ఒక పక్క. ఇది తీసుకెళ్లి సీతక్క చేతిలో ఎలా పెట్టను?

మర్నాడు పొద్దున సుబ్బరత్న బొరుగుల ఉగ్గాని చేసింది, నేను ఒక మిరపకాయ బజ్జీ తక్కువ తిన్నా ఊరుకోలేదు. ఏడున్నరకు ఆళ్లగడ్డ బస్సు. టికెట్టు రెండు రూపాయల చిల్లర. కాలువ నీళ్లు పారే చోట వరినాట్లు, లేని చోట జొన్న, పత్తి. శిరివెళ్లలో ఒక ట్రాక్టరు రోడ్డుకు అడ్డం నిలిచిపోయి ఇరవై నిమిషాలు ఆగాం. పక్క సీటు రైతు దిగి, బీడీ కాల్చుకుని వచ్చి, "నీకేం తొందరమ్మా, ముఖం అట్ల పెట్టినావ్?" అన్నాడు. నాకు తొందర లేదు. ఆ ట్రాక్టరు సాయంత్రందాకా అక్కడే ఉంటే బాగుండుననిపించింది.

తొమ్మిదింబావుకు ఆళ్లగడ్డ. రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే ఉలుల చప్పుడు. సీతక్క ఇల్లు బస్టాండుకు వెనక వీధిలోనే. డెబ్బై దాటిన పెద్దమ్మ వసారాలో కూర్చుని పూలు కడుతోంది. నేను కాళ్లు కడుక్కోకముందే సీతక్క అడిగింది.

"తేలిందా?"

"తేలింది. పుట్టగొడుగు అక్కా."

సీతక్క గోడకు ఆనుకుని కూర్చుంది. "అయితే తెలివితక్కువోడే. తెలీక వేసినాడు" అంది.

"తెలీకేం?" పెద్దమ్మ దారం పళ్లతో తెంపుతూ అంది. "నా వంతు చారు ముందే ఒక గిన్నెలో తీసిపెట్టి, ఆ పైన రేకు వేస్తాండె. పిల్లలకు దోషం లేదనేటోడు. ఆయప్పకు తెలుసు."

ముప్ఫై ఏళ్ల దగ్గర దగ్గర ఈ మాట ఆవిడ నోటి నుంచి రాలేదు.

"తెలిసి పెద్దలకెట్ల పోసినాడమ్మా?" సీతక్క అడిగింది.

"వానలో తడిసి వచ్చినారు ఏడుమంది. ఆకలని ఆకుల ముందర కూర్చున్యారు. పొయ్యి మీద అదే ఉండాది. నా గిన్నెడు ఏడుమందికి యాడ సరిపోతాది? లేదని పొమ్మనేదానికి నోరు రాలే ఆయప్పకు. తప్పే అనుకో."

"మరి అడిగినపుడు తెలీదనేదెందుకు?"

"పుట్టగొడుగని ఒప్పుకుంటే ఏడుమందికీ ప్రాయశ్చిత్తం. మూడు దినాలు ఉపాసం. వాళ్లలో పెద్దస్వామి అప్పటికే జబ్బుమనిషి. ఉపాసముంటే పోతాడు. తెలీదంటే తిన్నోళ్లకు దోషం లేదు, వండినోడి మీదికే వస్తాది. 'నా పొయ్యి పోతే పోనీ, మనిషి పోకూడదు' అన్యాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేతిలో చెయ్యి వేయించుకున్యాడు. ఇప్పుడు ఆ ఏడుమందీ లేరు, ఆయప్పా లేడు. ఇంగ చెప్తే ఏం?"

నేను ఆగలేకపోయాను. "ఆ మాట వీధిలో వేసింది నేనే పెద్దమ్మా" అన్నాను.

"తెలుసులే. మీ పెదనాయన గూడా నవ్వుకున్యాడు. 'పిల్లకు రుచి నచ్చింది, పోయి చెప్పుకునింది' అని."

ఇన్నేళ్లు నేను మోసింది ఆ ఒక్క మాటతో దిగిపోయింది. దిగినందుకు హాయిగా లేదు, ఏడుపు వచ్చింది. ఆయన బతికుండగా నేనే వెళ్లి చెప్పి ఉంటే, ఆ నవ్వు నేనూ చూసి ఉండేదాన్ని కదా.

సీతక్క లేచి డబ్బా తెచ్చింది. పిడికెడు రేకులున్నాయి. వంటింట్లో కాదు, పెరట్లో కుంపటి వెలిగించింది. కాగితం నేను చదువుతుంటే ఆమె చేసింది: అల్లం, మిరియాలు, చింతపులుసు, సన్నగా తరిగిన ముల్లంగి, చిక్కదనానికి బియ్యప్పిండి. రేకులు వేసే ముందు వాళ్ల నాయన లాగే ఒక గిన్నె అందుకుని, "అమ్మకు తీయాల" అంది.

"ఈసారి నాకు తీయొద్దు" అంది పెద్దమ్మ వసారాలోంచి.

పన్నెండు గంటలకు ముగ్గురం పెరట్లోనే కూర్చున్నాం. పెద్దమ్మ తులసికోట వైపు ఒకసారి చూసి, కళ్లు మూసుకుని, ఒక గుక్క తాగింది. నల్ల ముక్కను చాలాసేపు నమిలింది.

"ఇంతేనా!" అంది. "రుచే లేదు గదమ్మా దీనికి! దీనికోసమా ఆ మనిషి పెరుమాళ్ల పొయ్యి పోగొట్టుకునింది?" అని, గిన్నె కింద పెట్టి, చెంగు ముఖాన కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని మిగిలిన చారు చివరిదాకా తాగింది.

రెండు గంటల బస్సుకు సీతక్క నన్ను ఎక్కించింది. పెదనాయన హోటలు ఉన్నచోట ఇప్పుడు సైకిలు షాపు ఉంది. బస్సు కదులుతుంటే సీతక్క కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు వెంట నడిచింది.

"తేలిపాయె మే! అబద్ధాలోడే మా నాయన!" అని అరిచింది. ముఖం వెలిగిపోతోంది. బస్సులో వాళ్లంతా ఆమె వైపు చూశారు.

ఆ రాత్రి సుబ్బరత్న ఇంట్లోనే పడుకుని, మర్నాడు పొద్దున గుంటూరు బండి ఎక్కాను. ఆ దారి మొత్తంలో చూడదగినది ఏమిటని ఎవరైనా అడిగితే, గాజులపల్లెకూ దిగువమెట్టకూ నడుమ వాన తర్వాతి అడవి అంటాను. ఎండిన మానుల మీద ఏదో నల్లగా కనబడ్డప్పుడల్లా కిటికీలోంచి మెడ చాచాను. బండి నెమ్మదిగానే పోయింది గానీ ఏదీ సరిగ్గా ఆనలేదు. కళ్లలో నీళ్లు ఆగలేదు. నుసి పడిందని కాసేపు నటించాను.

ఎదురుగా కూర్చున్న ఆవిడ చూసి చూసి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎవరు పోయినారమ్మా?"

"మా పెదనాయన" అన్నాను. ఆరేళ్లయిందని చెప్పబుద్ధి కాలేదు.