తాళం వేసే ఇంటికి కుక్కపిల్లనివ్వరు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిటికెడు చూస్తే గంపెడు రాస్తాను. ఇందులో ఏ కొలత కనబడినా పావు వంతుకు తగ్గించుకుని చదవండి. ఆ కుక్క చెవులను మాత్రం తగ్గించకండి.

ఆ చెవులను మొదట చూసింది గుంతకల్లు రైల్వే ప్లాట్‌ఫారం మీద. ఉరవకొండలో నాకో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఊళ్లోకి కంప్యూటర్లు దిగుతున్న రోజులు కాబట్టి మిషన్లు ఎక్కువ, నేర్చుకునేవాళ్లు తక్కువ. ఒక మిషన్‌లో స్ప్రింగు విరిగితే కొత్తదాని కోసం గుంతకల్లు వెళ్లి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా ఒక కుక్క వచ్చింది. నాలుగు పొట్టి కాళ్ల మీద ఒక పొడుగాటి బల్ల. ముందువైపు రెండు చెవులు ప్లాట్‌ఫారాన్ని ఊడ్చుకుంటూ వస్తున్నాయి. అది నడిచిన మేర రైల్వేవాళ్లు ఆ రోజుకు చీపురు పట్టనక్కర్లేదు.

నా ముందు ఆగి మొహం ఎత్తింది. నుదురంతా ముడతలు, వేలాడే కింది రెప్పలు, వాటిలో ఎరుపు. నా భార్య పోయినప్పుడు పరామర్శకు వచ్చిన బంధువులు ఒక్కరైనా నన్ను అలా చూడలేదు. ఆమె పోయి అప్పటికి రెండు వానాకాలాలు. క్యాలెండరులో వచ్చినవి. ఆకాశంలో వచ్చినట్టు ఎవరూ చెప్పుకోలేదు.

కుక్క తాడు పట్టుకున్నామె రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద.

"ఇదేం జాతి అక్కా?"

"బాసెట్ హౌండు. కడుపుతో ఉండాది, మీదికి ఎగరనీయొద్దప్పా."

"పిల్లలు పుడితే నాకొకటి ఇస్తావా?"

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను."

"ఇంకా?"

"నేనే."

"పగలు?"

"టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటా. పొద్దున పోతే మాపటికి వస్తా."

"మరి ఇంటికి?"

"తాళం."

"తాళం ఏసే ఇంటికి నేనియ్యను. ఇవి మనిషిని ఇడిసి ఉండలేవు. ఒంటిగా పెట్టినావంటే వీధి వీధంతా ఏడుపే" అని తాడు సర్దుకుని వెళ్లిపోయింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనే కదా నేను కుక్కను అడిగింది! ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని ఆమె ఇవ్వనంటుంది. ఆకలిగా ఉందని హోటలుకు పోతే, ఆకలిగా ఉన్నవాళ్లకు పెట్టం పొమ్మన్నట్టుంది.

అయినా నేను వదల్లేదు. పిల్లలు పుట్టాక రైల్వే క్వార్టర్స్‌లో ఆమె ఇంటికి వెళ్లాను. మోచేతుల దాకా సబ్బుతో కడిగించి గానీ లోపలికి రానివ్వలేదు. పిల్లలన్నీ తల్లి పక్కన ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. రోజూ పొద్దున్నే కూరగాయల తక్కెడలో తూచి, ఏది పాలు తక్కువ తాగిందో చూసి, దాన్ని ముందు తల్లి దగ్గర పెడుతుందట. నులిపురుగుల మందు పట్టించేదాకా, సూదులు వేయించేదాకా, తల్లిని వదిలి తిండి తినడం వచ్చేదాకా ఎంత పెద్దమనిషి వచ్చినా పిల్లనిచ్చేది లేదు. తన బట్టల అంగడి ముందు కట్టేసుకుంటానన్న ఒక షావుకారును గుమ్మంలోనే తిప్పి పంపింది. నా కళ్ల ముందే.

"ఇంకోటి చెప్తా ఇను" అంది నాతో. "ఎవురికిచ్చినా ఒకటే మాట. సాకలేని రోజొస్తే ఊళ్లోవాళ్లకు పంచిపెట్టేది కాదు, నాకే తెచ్చియ్యాల."

నాకు పిల్లనిచ్చిన మామ కూడా మమ్మల్ని ఇన్ని షరతులు అడగలేదు. అడిగి ఉంటే నాకు పెళ్లయ్యేది కాదు. నేనలా అనుకుంటుండగానే ఒక పిల్ల దొర్లుకుంటూ వచ్చి నా పాదం మీద తల పెట్టుకుంది. చెవి ఒకటి నా వేళ్లను దుప్పటిలా కప్పింది. అక్క చూసీ చూడనట్టు ఊరుకుంది. నేను కాలు తిమ్మిరెక్కేదాకా కదపలేదు.

"మీ ఇల్లు చూసి చెప్తా" అంది చివరికి.

బస్సులో తిరిగి వస్తూ ఒక ఉపాయం కనిపెట్టాను. మా వైపు వేరుశనగ విత్తనాన్ని మిషన్‌లో ఆడించరు. పప్పు చీలితే మొలవదు. వాన ముందు రోజుల్లో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఒక్కో కాయా చేత్తో వొలుస్తారు. మా ఎదురింటామెకు ముప్పై ఎకరాల చేను, ముందు వసారా లేదు. నాకు చేను లేదు, రైలు ఆగేంత వసారా ఉంది. వెళ్లి, ఈసారి మా ఇంట్లో కూర్చుని వొలవమన్నాను. వాన పడేదాకా పగలంతా ఇంట్లో మనుషులు. మా మండలంలో వాన పడేదాకా అంటే ఎప్పటికీ అని నా లెక్క. ఈ జిల్లాలో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ ఇలాంటి లెక్క మీద ఇల్లు నడపడు.

అక్క వచ్చిన రోజున వసారా నిండా ఆడవాళ్లు, గంపలు, పొట్టు. ఆమె ముందు మెట్లు చూసింది. "ఇంత ఎత్తా? దిగేటప్పుడు దాని నడుము ఇరుగుతుంది. పక్కన బండ ఏటవాలుగా ఏయించు." తరవాత నీళ్ల గిన్నె చూసింది. "ఇరుకు మూతిది తీసుకో. ఇందులో తాగితే చెవులు మునుగుతాయి, పుండ్లు పడతాయి."

ఎదురింటామె వొలుస్తూనే అడిగింది. "ఏమక్కా, అంతంత చెవులెందుకంట దానికి?"

"వాసన పట్టేటప్పుడు నేల మీద ఆడతాయంట" అంది అక్క.

"అదేం కాదులే. మా సారు మాటలు పట్టాలంటే ఆ మాత్రం చెవులు గావాల. ఒగ మాటంటే తొమ్మిది చేసి చెప్తాడు!"

వసారా అంతా ఘొల్లుమంది. అక్క కూడా నవ్వింది. పని అయిపోయిందనుకున్నాను. లోపలికి పోయి కాఫీ పెట్టి, రెండు గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి వొలిచే చేతులు ఆగిపోయాయి. అందరూ పడమటి దిక్కుకు చూస్తున్నారు. నల్లగా ఉంది. గాలి తిరిగి, పొట్టు లేచి నా కాఫీలో పడింది. ఆ వెనకే చినుకు.

"లేయండే! పదునైతాది!" అని ఎదురింటామె ఒక్క కేక పెట్టింది. విత్తనం గోతాలను నా హాల్లోకి ఈడ్చి, గంపలు తలమీద బోర్లించుకుని, నవ్వుతూ, ఒకరినొకరు తోసుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. భూమి విత్తడానికి పదునైతే తెల్లారేసరికి చేలో ఉండాలి వాళ్లు. వీధంతా జనం తలుపులు తీసుకుని బయటికొచ్చి నిలబడ్డారు. జిల్లా జిల్లా అంతా ఆకాశానికి దండం పెడుతుంటే, ఒక్కణ్ణి నేను మాత్రం దిగులుగా నిలబడ్డాను.

వసారాలో ఆమె, నేను, రెండు గ్లాసులు మిగిలాం. ఇంట్లో చూరు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు చూస్తాండా నీ ఇల్లు" అంది అక్క.

ఆమెకో గ్లాసు అందించాను.

"ఆ టైపు మిషన్లు ఈడ పట్టవా? ఇంత వసారా ఉండాదే. బజార్లో రూమెందుకు?"

"పడతాయి."

"మరి?"

ఏదో ఒక పెద్ద కథ చెబుదామని నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు. "పగలు ఈడ ఉండలేనక్కా" అన్నాను.

ఆమె కాఫీలో పొట్టు వేలితో తీసి పారేసి, ఒక గుక్క తాగింది. "నువ్వు ఉండలేని ఇంట్లో అది ఎట్లుంటుందనుకున్నావప్పా?"

వాన తగ్గాక బస్సెక్కి వెళ్లిపోయింది. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు.

ఆ వారంలోనే మిషన్లను ఎద్దుల బండి మీద ఇంటికి చేర్పించాను. వాటితోపాటు నా శిష్యబృందం కూడా వచ్చింది. బృందమంటే ముగ్గురు, అందులో ఒకడు పెళ్లి కుదిరేదాకా పొద్దుపోక వచ్చేవాడు. వాళ్లు పొద్దునా సాయంత్రం వస్తారు. మధ్యలో ఇల్లూ నేనూ. మొదటి రోజు ఎండపొద్దున మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి, అక్కడే ఆగిపోయాను. ఆ వేళకు కిటికీలోంచి వెలుగు సరిగ్గా పొయ్యి పక్క గోడ మీద పడుతుందని నాకు తెలియదు. నా భార్య గరిటెలు తగిలించే మేకులు, వాటి కింద గోడ మీద నూనె మరకలు. రెండేళ్లుగా ఆ వెలుగు రోజూ వచ్చి, చూసేవాళ్లు లేక పోతూ ఉంది. నీళ్లు తాగకుండానే తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చుని, కాగితం కూడా పెట్టకుండా టకటకా కొట్టాను. మర్నాడు తాగాను. ఆ మర్నాడు ఆ గోడ కిందే కూర్చుని అన్నం తిన్నాను.

మెట్ల పక్కన ఏటవాలు బండ వేయించాను, గరుకు వైపు పైకి పెట్టి. అక్క చెప్పాపెట్టకుండా ఒక మధ్యాహ్నం దిగింది. తలుపు తీసే ఉంది. నేను లోపలే ఉన్నాను. బండను కాలితో రాచి చూసి, "ఆదివారం రా" అంది.

వెళ్లాను. నా పాదం మీద పడుకున్న పిల్లనే నా చేతుల్లో పెట్టింది. అది తల్లి వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు. మహారాజు ఏనుగు అంబారీ మీద కూర్చున్నట్టు బస్సులో నా ఒళ్లో కూర్చుని, చెవులు కిటికీ బయట జెండాల్లా ఎగరేసుకుంటూ వచ్చింది.

ఇక కల్పించిందేదో చెప్పాలి. చెవులు కల్పించలేదు. వాన నిజంగానే పడింది, వసారా మాత్రం రైలంత ఉండదు. అబద్ధమల్లా ఆ బస్సు ప్రయాణం. గుంతకల్లు దాటకముందే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "ఏం సారూ, దొంగిలించుకొస్తాండావా?" అని కండక్టరు అడిగాడు. ఊరుకోబెట్టడం చేతకాక, దారి పొడుగునా దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి కింద వదిలితే, పొట్టి కాళ్లతో గది గదికీ తిరిగి తల్లిని వెతికింది. వంటింట్లో, మంచం కింద, మిషన్ల చాటున. నేను వెనకాలే తిరిగాను. అక్కడ ఎవరూ ఉండరని నాకు తెలుసు. అయినా అది ఆగిన ప్రతి చోటా నేనూ వంగి చూశాను.