ఎవరూ ఉండొద్దన్న ఇల్లు

తెలంగాణ ఉద్యమం నాటి మాట. రాస్తారోకో వల్ల కోరుట్ల బస్టాండులో బస్సులన్నీ ఆగిపోయాయి.

"రాష్ట్రం ముందొస్తదా, సిరిసిల్ల బస్సు ముందొస్తదా?" అని పక్కనున్న పెద్దమనిషిని అడిగాను.

"రాష్ట్రమే, బిడ్డా" అన్నాడాయన దగ్గుతూ. ముప్పై ఏళ్లుగా తలుపులకు, బీరువాలకు స్ప్రేతో రంగు కొడుతున్నాడట.

నేనప్పుడే ఇంటీరియర్ డిజైనర్‌నయ్యాను. ఆరోగ్యకరమైన ఇళ్లు నా ప్రత్యేకత; ఉపన్యాసం ఉచితం. "గా ఘాటు రంగులు విషం, పెద్దనాయినా. కొట్టినన్ని రోజులు ఇంట్ల ఎవ్వరూ ఉండొద్దని ఓనర్లకు గట్టిగ చెప్త" అన్నాను.

"మరి నేనుంట కద, బిడ్డా?"

అన్నింటికీ జోకు వేసేదాన్ని, ఈసారి నా నీళ్ల సీసా ఆయనకు అందించాను. ఆయన జేబులోంచి బెల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకున్నాడు. రంగు కొట్టేవాళ్లకు గొంతు మందు అదే. అంతలో ఊరేగింపు వచ్చింది. ఆయన పిడికిలెత్తి "జై" అన్నాడు. "తెలంగాణ" దగ్గులో కలిసిపోయింది.

రాష్ట్రం వచ్చింది. ఘాటు లేని రంగులూ వచ్చాయి. "పిల్లలకేం కాదు కదా?" అని ప్రతి ఓనరూ అడుగుతాడు. మొన్న జగిత్యాలలో ఒకావిడ కుక్క గురించి కూడా అడిగింది. రంగు కొట్టేవాడి గురించి అడిగే ఓనర్ కోసం చూస్తున్నాను. ఆ బస్సు ఇంకా రాలేదు.