రాజకుమారి మీద ఆడవాళ్ల పెట్టె అభిప్రాయం

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై మూడేళ్లు నిండి, తెలుగు ఎమ్మే పట్టాని ఇంకా ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీయని రోజుల్లో, నవలల్లో కనిపించే మగవాళ్లు మా చుట్టుపక్కల ఎక్కడో నిజంగానే ఉంటారని నాకు గట్టి నమ్మకం. పొద్దున్నే కోటబొమ్మాళిలో పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్లేదాన్ని. అక్కడ ఒక కాలేజీలో ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక లెక్చరరు ఉద్యోగం. దారిలో ఏ స్టేషనులో రైలు ఆగినా, విశాలమైన వక్షస్థలం, కోరమీసం ఉన్నవాడు ఎవడైనా కనిపిస్తాడేమోనని కిటికీలోంచి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసేదాన్ని. (కనిపించేవారు. ఉల్లిపాయల మూటలు మోస్తూ కనిపించేవారు.) ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ పిల్లని పూర్తిగా వెక్కిరించడానికి నాకు మనసొప్పదు. ఆవిడ చేసిన పిచ్చి పనుల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ మళ్లీ చేయాలనిపిస్తుంది.

మా డిపార్టుమెంటు పెద్దాయన్ని పిల్లలు చాటుగా సవరణ మేస్టారు అనేవారు. సెలవు చీటీ ఇస్తే ముందు ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, మళ్లీ రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టేవారు. జ్వరం వచ్చినవాడు చీటీ సరిగ్గా రాసేసరికి జ్వరం తగ్గిపోయేది. ఆయన ఒకరోజు నన్ను పిలిచి నాలుగువందల పేజీల నవల ఒకటి చేతిలో పెట్టారు. అట్ట మీద గుర్రం, గుర్రం మీద వీరుడు, వీరుడి ముందు అడ్డంగా ఒక రాజకుమారి. వందల ఏళ్లనాటి కళింగం కథ. శత్రురాజు సేనాపతికీ, మన వైపు రాజకుమారికీ ప్రేమ. రాసినాయన మేస్టారికి గురువుగారట. రెండు వారాల్లో ఆయనకి కాలేజీలో సన్మానం, అందులో నేను అయిదు నిమిషాలు 'పాఠకుల అభిప్రాయాలు' అనే అంశం మీద మాట్లాడాలి.

"ఏ పాఠకులండీ?" అన్నాను.

"పాఠకులంటే పాఠకులేనమ్మా. వాళ్ల అభిప్రాయాలు నేనే రాసి ఉంచాను. నువ్వు పైకి చదివితే చాలు" అని ఒక కాగితం ఇచ్చారు. 'ఈ నవలను చదివిన ప్రతి ఒక్కరు ముక్తకంఠముతో ప్రశంసించి ఆనందబాష్పములు రాల్చిరి' అని మొదలైంది అది. జూన్‌లో ఉద్యోగం పొడిగింపు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి నేను కూడా రాల్చడానికి సిద్ధపడ్డాను. అయినా నవల చదవకుండా ఎలా మాట్లాడతామని, మర్నాడు రైల్లో పుస్తకం తెరిచాను.

ఆడవాళ్ల పెట్టెలో మాకొక మూల ఉండేది. నాతోపాటే కోటబొమ్మాళిలో ఎక్కే గంప పెద్దమ్మ దయ అది. సముద్రపొడ్డు ఊరు ఆవిడది. ఎండుచేపల గంపతో విజయనగరం బజారుకి వెళ్లేది. ఆ గంప పెట్టిన చోటుకి చుట్టూ నాలుగు సీట్లలో ఎవరూ కూర్చునేవారు కాదు, మేం తప్ప. పొందూరులో రాట్నం అత్త ఎక్కేది. ఇంట్లో రాట్నం వడికి వడికి, ఇప్పుడు విజయనగరంలో ఒక ఖద్దరు కొట్లో పనిచేస్తుండేది. నేను మూడు పేజీలు చదివి నిట్టూర్చేసరికి గంప పెద్దమ్మ నా వైపు తిరిగింది. ఆవిడకి ఆడపిల్లలందరూ గుంటలే.

"ఏటే గుంటా, అంత నిట్టూర్పు? ఏటున్నాది అందులో?"

"నవల, పెద్దమ్మా. రాజకుమారి కథ."

"నీలో నువ్వు సదువుకుంటే మాకేటి లాభం? గట్టిగా సదువు."

అలా మొదలైంది. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, రైలు చప్పుడు మీద గొంతు పెంచి చదివేదాన్ని. పొందూరులో రాట్నం అత్త ఎక్కగానే గంప పెద్దమ్మ అంతవరకూ జరిగిందంతా ఒక్క ముక్కలో అప్పజెప్పేది. "ఏటీ నేదు సెల్లీ, ఆ పిల్ల ఆమదాలవలసలో ఒకపాలి మూర్ఛపోనాది, ఇప్పుడే మళ్లీ పోనాది."

వాళ్లు వినడం అంటే ఊరికే వినడం కాదు. సేనాపతి శ్రావణ పౌర్ణమినాడు పట్టుబట్టలు కట్టుకుని, తెప్ప మీద నిలబడి, కోట కిటికీలో ఉన్న రాజకుమారిని కన్నార్పకుండా చూస్తూ వస్తాడు. నాకు అక్కడ ఒళ్లు పులకరించింది. గంప పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఏ నెలన్నావు? సావనమా? ఓలమ్మో! ఆ నెల్లో గాలికి మా మావే సేపల యేటకి ఎల్లడు. ఈడు పట్టుపంచె కట్టుకుని ఎల్లినాడా? తెప్ప మీద ఉన్నోడు అలని సూస్తాడా, దాని మొకం సూస్తాడా?"

"ప్రేమ పెద్దమ్మా అది" అన్నాను కాస్త కోపంగా.

"పేమయితే మునగడేటి?"

ఇంకో చోట సేనాపతికి కత్తి గాయమైతే, రాజకుమారి తన చీర కొంగు చించి కట్టు కడుతుంది. ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నని చీర అని రెండు పేజీల వర్ణన. రాట్నం అత్త అంతా విని తల అడ్డంగా ఊపింది. "అంత సన్నం బట్ట రగతం ఆపుతాదేటి? తడిసి జారిపోతాది. అయినా ఆ నూలు ఏ ముసల్దో కళ్లు పోగొట్టుకుని వడికుంటాది. సర్రున సింపేడానికి దీనికి సేతులెలాగొచ్చినాయే?" సేనాపతి మూడు రాత్రులు, మూడు పగళ్లు ఆగకుండా గుర్రం మీద వెళ్లాడని చదివితే, ఇద్దరూ ఒకేసారి ఆ గుర్రానికి నీళ్లెవరు పెట్టారని అడిగారు. నేను పుస్తకం మూసేసి అలిగాను. ఆ సేనాపతిని వేరెవరైనా ఒక మాటంటే నాకు సొంతమనిషిని అన్నట్టుండేది మరి. (అప్పటికి నేను తెల్లకాగితం మీద ఆయన మీసం బొమ్మ కూడా వేసి ఉన్నాను. ఆ సంగతి ఇన్నాళ్లకి మీకు చెబుతున్నాను.)

రెండో వారంలో కోట ముట్టడి ఘట్టం వచ్చింది. సాయంత్రం పాసింజరులో తిరిగి వస్తున్నాం. శత్రువులు కోట తలుపులు బద్దలు కొట్టారు. రాజకుమారి తప్పించుకోవాలి. 'అంతట ఒక పరిచారిక రాజకుమారి ఆభరణములు ధరించి పల్లకిలో కూర్చుండెను. శత్రువులు పల్లకికి నిప్పు పెట్టిరి.' ఆ వెంటనే రాజకుమారి సొరంగంలోంచి బయటపడటం, తన సైన్యాన్ని వదిలొచ్చిన సేనాపతి గుర్రం, వంశధార ఒడ్డు, వెన్నెల. వెన్నెల నాలుగు పేజీలు. నేను వెన్నెల్లో రెండు పేజీలు పోయాక గంప పెద్దమ్మ అంది, "ఆగు. ఆ గుంటేటయినాది?"

"ఏ గుంట?"

"పల్లకీలో కూకున్న గుంట."

వెనక్కి తిప్పి చూశాను. రెండే రెండు వాక్యాలు. "చనిపోయినట్టుంది, పెద్దమ్మా."

"ఉన్నట్టేటి? సూసి సెప్పు. దాని పేరేటి?"

"పరిచారిక అని ఉంది."

"అది పని కదేటి. పేరేటని అడుగుతన్నాను."

ముందు పేజీలు తిరగేశాను, వెనక పేజీలు తిరగేశాను. గుర్రానికి పేరుంది. సేనాపతి కత్తికి పేరుంది. రాజకుమారి పెంచిన చిలకకి పేరుంది. ఆ పిల్లకి లేదు. లేదని చెప్పాను. రాట్నం అత్త కిటికీ వైపు తిరిగిపోయింది. గంప పెద్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, ఎండుచేపల ఉప్పు కళ్లలో పడిందంది. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ రెండు వాక్యాల దగ్గర నా గొంతు కాస్తయినా ఆగలేదు. వెన్నెల కోసం తొందరపడి వాటిని దాటేసింది నేనే.

పొందూరులో దిగేముందు రాట్నం అత్త అంది, "పేరు నేకపోతే ఎలాగే? అసిరి అని పెట్టీ." అంతే, ఆ పిల్ల అసిరి అయిపోయింది. తర్వాత మిగిలిన నూట యాభై పేజీలూ వాళ్లు విన్నారు గానీ, రాజకుమారితో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ నవ్వితే గంప పెద్దమ్మ "నవ్వుతాది, నవ్వకేటి! అసిరి మాట గురుతుందేటి దానికి?" అనేది. పెళ్లి ఘట్టంలో నేనే చదవడం ఆపి, వాళ్లిద్దరి మొహాలూ చూశాను. ఇద్దరూ వేరే వాళ్ల పెళ్లికి బలవంతాన వచ్చినట్టు కూర్చున్నారు.

సన్మానం రోజు పదకొండు గంటలకి హాలు నిండింది. రచయితగారు శాలువా కప్పుకుని మధ్యలో కూర్చున్నారు. బక్కపల్చని మనిషి, మంచి కళ్లు. సవరణ మేస్టారు నా పేరు పిలిచారు. కాగితం, నవల పట్టుకుని మైకు దగ్గరికి వెళ్లాను. "ఈ నవలను చదివిన ప్రతి ఒక్కరు ముక్తకంఠముతో..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ ముక్తకంఠం ఎవరిదో నాకు తెలీదు. నాకు తెలిసిన కంఠాలు రెండే, అవి ఆ పొద్దున్న కూడా రైల్లో నన్ను దీవించి పంపాయి. కాగితం మడిచేశాను. మడుస్తుంటే నా గాజుల చప్పుడు మైకులోంచి హాలంతా వినిపించింది.

"ఈ నవలని మా ఆడవాళ్ల పెట్టెలో చదివాం. వాళ్లేమన్నారో వాళ్లన్నట్టే చెబుతాను" అన్నాను. శ్రావణమాసం తెప్ప చెప్పాను. జారిపోయే కట్టు చెప్పాను. ఆ మాటలు ఆ యాసలోనే చెప్పాను. పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. రచయితగారు కూడా తెప్ప దగ్గర కాస్త నవ్వారనే నా నమ్మకం. తర్వాత అసిరి గురించి చెప్పడం మొదలుపెట్టాను. అసిరి పల్లకీలో కూర్చున్నప్పుడు ఒకావిడ ఏడ్చింది, ఇంకొకావిడ కిటికీ వైపు తిరిగిపోయింది, ఈ నవలలో వాళ్లకి నచ్చిన మనిషి అసిరి ఒక్కతే, అన్నాను. హాల్లో నవ్వు ఆగిపోయింది. ముందు వరసలో లెక్చరర్లు గబగబా పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. అసిరి ఏ అధ్యాయంలో ఉందని ఒకరినొకరు అడుగుతున్నారు. సవరణ మేస్టారు లేచి నిలబడ్డారు.

"అసిరి ఎవరమ్మా? ఈ నవలలో ఆ పేరుగల పాత్ర లేదు!"

"లేదండీ. అదే పాఠకుల అభిప్రాయం" అన్నాను.

ఆయన వచ్చి మైకు స్విచ్చి ఆపేశారు. నాకు మైకుతో పనేముంది? రెండు వారాలు పాసింజరు చక్రాల చప్పుడు మీద చదివిన గొంతు అది. చివరి వరసదాకా వినిపించేలా ఆ రెండు వాక్యాలూ చదివాను, ఈసారి ఆగి ఆగి చదివాను. గుర్రానికీ కత్తికీ చిలకకీ ఉన్న పేర్లు ఒక్కొక్కటీ చెప్పాను. రచయితగారు చెయ్యెత్తి మేస్టారిని కూర్చోమన్నారు. "పరిచారికలందరికీ పేర్లు పెట్టుకుంటూ పోతే చరిత్ర ముందుకి సాగదు తల్లీ" అన్నారు, కోపం లేకుండానే. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా వెంటనే దిగిపోలేదు. ఆ రెండు వాక్యాలూ ఇంకోసారి చదివి, పుస్తకం మూసి, అప్పుడు దిగాను.

సాయంత్రం రైల్లో జరిగిందంతా చెబితే, మెచ్చుకుంటారనుకున్న గంప పెద్దమ్మ నా మీద విరుచుకుపడింది. "నానేడిసేనని సెప్పీసినావా? మీటింగులోనా? నానెప్పుడేడిసేనే? ఉప్పు పడ్డాదని సెప్పలేదేటి నీకు?" రాట్నం అత్త గోల వేరు. "నా పేరు సెప్పినావా?" "లేదత్తా, ఎవరి పేరూ చెప్పలేదు." "సెప్పాలి కదే! అసిరికి పేరు పెట్టినది నాను కాదేటి?" ఇద్దరినీ సముదాయించి, చివరికి రచయితగారన్న మాట చెప్పాను. గంప పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సరిత్ర సాగదా? సాగకపోతే ఆగమను. ఆగి, ఆ గుంట పేరు రాసుకుని అప్పుడెల్లమను."

ఆ మాట నాకు ఆరు గంటలు ఆలస్యంగా దొరికింది. వెనక్కి విజయనగరం వెళ్లి చెప్పి రావాలన్నంత కోపం వచ్చింది నాకు.

మర్నాడు సవరణ మేస్టారు పిలిచారు. గురువుగారు ఆయనతో మాట్లాడకుండానే వెళ్లిపోయారట. నిజంగానే బాధపడుతున్నారాయన. "క్షమాపణ ఉత్తరం ఒకటి రాసివ్వు. తప్పులుంటే నేను దిద్దిపెడతాను" అన్నారు. రాయనన్నాను. ఆ ఉత్తరంలో అబద్ధం తప్ప వేరే తప్పుండదు, దాన్ని మీరు దిద్దలేరు, అన్నాను. (ఇంత మంచి వాక్యం నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత ఇలాంటిది మళ్లీ రాలేదు.) జూన్‌లో జాబితాలో నా పేరు లేదు. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎప్పుడో ఏ గుంటో పల్లకీలో కాలిపోతే ఇప్పుడు నీ ఉజ్జోగమేటే పోనాది?" అంది. ఏడాదిపాటు ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుని, ఆ తర్వాత బడిలో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ నవల ఈమధ్య మళ్లీ అచ్చయిందని తెలిసి కొట్లో తీసి చూశాను. అట్ట మీద గుర్రం రంగు మార్చారు. ఆ పేజీలో ఇంకా 'ఒక పరిచారిక' అనే ఉంది.

ఇప్పుడు నేనొక హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌ని. జిల్లా మీటింగులకి వెళతాను, ఎవరో రాసిచ్చిన కాగితం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివి, టీ తాగి వస్తాను. రైలు కూడా ఎక్కడం లేదు, స్కూటరుంది. ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఏ రోజైనా నా గదిలోకి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంటే, నా గురించి ఏమంటుందో నాకు బాగా తెలుసు. గాజుల చప్పుడుతోనే అంటుంది, మొత్తం అనేదాకా లేవదు. ఆవిడకి టీ తెప్పించి, తలుపు దగ్గరగా వేసి, అంతా వింటాను.