మంచి బుర్రను చెడ్డదని రాసిచ్చిన మనిషి

ఆ శుక్రవారం ఆరాధనలో మా ఆయన పాట మధ్యలో ఆగిపోయారు. ఆయన పేరు సియోనే, టోంగా దేశస్థుడు. నాది రాజోలు దగ్గర పల్లె. షార్జాలో ఇంటిపనికి వచ్చి, ఆ చర్చిలోనే ఆయన పాట విని పెళ్ళాడాను. ఆ రోజు పుస్తకం తెరిచి చేతికిచ్చినా వెర్రిచూపులు చూశారు.

"ఏవండీ, ఏమైంది?"

"అక్షరాలు కదులుతున్నాయి, మేరీ."

ఆ వారమే మ్యాచ్‌లో ఆయన తల ఇంకొకరి తలకు కొట్టుకుంది. ఆయన వృత్తి రగ్బీ. న్యూజిలాండ్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ ఆడి, మోకాళ్ళు అరిగాక ఇక్కడి క్లబ్బుకు వచ్చారు. వీళ్ళకు కావలసింది దున్నపోతులా ఢీకొట్టే మనిషి. బీరు గ్లాసులు పట్టుకుని కూర్చున్న పెద్దమనుషులు ఆయన పడిపోయినా చప్పట్లే కొట్టారు. ఆ మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం.

ఇంట్లో వాంతులు. వెలుతురు పడదు, కర్టెన్లు వేసి ఉంచాలి. క్లబ్బువాళ్ళు కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. సీజన్ మొదట్లో, ఒళ్ళు బాగున్నప్పుడు రాసినదాన్ని బేస్‌లైన్ అంటారు. దెబ్బ తగిలాక దానితో పోలుస్తారు. స్కోరు సరిపోయింది, ఫిట్ అన్నారు.

"అరే మేడమ్, టోంగావాళ్ళ తలలు రాళ్ళు. కుచ్ నహీ హోతా" అని నవ్వాడు మేనేజరు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

మళ్ళీ ఆడారు, మళ్ళీ తలకే తగిలింది. ఆ రాత్రి ఇంటికొచ్చి నాతో టోంగా భాషలో ఏదో అడిగి, జవాబు చెప్పలేదని కసురుకున్నారు. నాకు ఆ భాష రాదన్న సంగతే మరిచిపోయారు. భయమేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఎంఆర్‌ఐ నార్మల్. న్యూరాలజిస్టు క్లబ్బు రిపోర్టు చూసి, "సీజన్ మొదట్లోనే స్కోరు ఇంత తక్కువా?" అన్నారు.

మా ఆయన తల దించుకున్నారు. "కావాలనే తప్పులు రాశాను. చాలామంది అంతే. లేకపోతే దెబ్బ తగిలినప్పుడు ఆపేస్తారు, కాంట్రాక్టు పోతుంది."

ఎంత తెలివి! గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అవుతామని జబ్బు దాచేవాళ్ళను మా ఊళ్ళో చూశాను. లేని జబ్బును ముందే రాసిచ్చి, నిజంగా వచ్చినప్పుడు దాన్ని కప్పిపెట్టుకున్న ఘనుణ్ణి మాత్రం ఈయన్నే చూశాను.

"పోస్ట్ కంకషన్ సిండ్రోమ్. మెదడు అదిరిన దెబ్బ ఇంకా మానలేదు. ఇంకో దెబ్బ తగిలితే ఆటే కాదు, మనిషే మిగలకపోవచ్చు" అన్నారు డాక్టరు.

అయినా మేనేజరు ఇంటికొచ్చాడు. "ఒక్క ఫైనల్. యల్లా, పద భాయ్." ఖలాస్, ఇక అయిపోయింది అని తలుపు వేశాను. ఫైనల్ రోజు మా మహానుభావుడు నాకు తెలియకుండా బూట్లు వేసుకోబోయారు. నేను గదిలోకి వెళ్ళేసరికి లేసు చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. ముడి ఎలా వెయ్యాలో గుర్తు రావడం లేదు. అప్పుడు ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ఆట అక్కడితో సరి.

ఇప్పుడు రాస్ అల్ ఖైమాలో ఉంటున్నాం. ఒక బడిలో పిల్లలకు ఢీకొట్టుకోని రగ్బీ నేర్పుతున్నారు. ఎండ ముదిరితే తలనొప్పి వస్తుంది. పాట తిరిగొచ్చింది గానీ పుస్తకం కావాలి, వరుస తప్పితే నేను వేలు పెట్టి చూపిస్తాను. క్లబ్బు మరో టోంగా ఆటగాణ్ణి తెచ్చుకుంది.

ఆడేవాళ్ళకూ వాళ్ళ ఇళ్ళలోవాళ్ళకూ ఒక్కటే చెబుతాను. ఒళ్ళు బాగున్నప్పుడు రాసే పరీక్ష నిజంగా రాయండి. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కడూ మా ఇంటికొచ్చి లేసు కట్టలేదు.