నడుం వంచని మడత బండి

ముఖాల మీది మాస్కులు మెడల్లోకి, మెడల్లోంచి జేబుల్లోకి దిగిపోయిన రోజులవి. నాకప్పుడే కొత్తగా ఉద్యోగం వచ్చింది. కొత్త ఉద్యోగంతోపాటు మనిషికి ఉచితంగా వచ్చేది గర్వం. లోకంలో ఏ వస్తువునైనా ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, చుక్కల రేటింగులు సరిపోల్చి ఎంచుకోవచ్చని, ఆ పని చేతగానివాళ్లే షాపుకెళ్లి నొక్కి చూస్తారని నా గట్టి నమ్మకం. (పెళ్లికూతుర్ని కూడా అలాగే ఎంచుకుందామనుకున్నాను. ఆ కథ మా ఆవిడ వినేచోట చెప్పేది కాదు.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో కర్నూలు మొత్తంలో నాకంటే తెలివైనవాడు లేడన్న సంగతి నాకొక్కడికే తెలుసు.

మా మేనమామ ఊరంతా నవ్వుతున్నా వినకుండా ఒక పాత మినీ బస్సు కొని, సీట్లు పీకించి, మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించి దాన్ని ఇల్లు చేశాడు. ఫోన్లో దాన్ని మోటార్‌హోమ్ అంటారు. మా వీధి ‘ఇల్లుబండి’ అంది. “ఏమప్పా, ఇంత ఇల్లు పెట్టుకొని ఈ డబ్బాలో యాడ పండుకుంటావు?” అని అడిగినవాళ్లకు మామ “యాడ నిద్రొస్తే ఆడ” అని చెప్పి వదిలించుకునేవాడు. నిజానికి ఆ బండి చేయించింది వాళ్లమ్మ కోసం, అంటే మా అవ్వ కోసం. అవ్వకు ఒక్కతే చెల్లెలు, మా చిన్నవ్వ. ఆత్మకూరు అవతల ఒక పల్లెలో ఉంటుంది. ఇద్దరికీ మోకాళ్లు అరిగిపోయి, ఏళ్ల తరబడి ఒకరినొకరు చూసుకోలేదు. వీడియో కాల్ కలిపిస్తే అటువాళ్లకు మా అవ్వ నుదురు, మాకు చిన్నవ్వ ఇంటి దూలం కనిపించేవి. “దాని మొగం ఒగసారి కండ్లారా చూస్తే సాలు నాయనా, ఇంకేం అడగను” అనేది అవ్వ.

ఎక్కువసేపు కూర్చోలేని మనిషి గనక బండిలో మంచం ఏర్పాటయింది. కానీ చిన్నవ్వ ఇల్లు నాపరాళ్లు పరిచిన సందు చివర, ఆటో కూడా దూరని చోట ఉంది. మోటార్ సైకిల్ ఎక్కడానికి అవ్వ కాలు అంత ఎత్తు లేవదు. ఎత్తుకుని పోతామంటే “నేనేమన్నా పీనుగునా?” అని కోప్పడుతుంది. కాబట్టి బస్సులో మంచం కింద మడిచి పెట్టుకోగలిగిన పొట్టి కరెంటు సైకిల్ ఒకటి కొని, రోడ్డు మీద దించి, వెనక అవ్వను కూర్చోబెట్టుకుపోవాలన్నది నా ఆలోచన. “సదువుకున్నోడివి, నువ్వే సూడు అల్లుడా” అన్నాడు మామ. వారం రోజులు నిద్ర మానుకుని వీడియోలు చూశాను. పచ్చిక బయళ్లలో, చెరువుగట్ల మీద, తెల్లటి మనుషులు తెల్లటి బండ్ల మీద ఒంటరిగా నవ్వుతూ పోతున్నారు. చివరికి కొంగ కాలంత సన్నటి బండినొకదాన్ని ఖాయం చేశాను. దానికి వెనక క్యారియర్ లేదన్న సంగతి మామ చెప్పేదాకా నాకు తట్టలేదు. “మీ అవ్వను యాడ కూసోబెడ్తావు, హ్యాండిల్ మీదనా?” అన్నాడు.

దాంతో అవ్వనే వెంటబెట్టుకుని ముగ్గురం షోరూముకు వెళ్లాం. మామ చిన్నప్పటి నుంచి పత్తికొండ వైపు సంతల్లో ఎద్దుల్ని కొన్న మనిషి. బండిని కొనడం కూడా ఆయనకు ఆ ఒక్క పద్ధతిలోనే వచ్చు. చుట్టూ మూడుసార్లు తిరిగాడు, వెనక తట్టు చరిచాడు, ముందు చక్రం ఎత్తి వదిలాడు. “ఎంత మేస్తాది?” అని అడిగాడు. సేల్స్‌మ్యాన్ తెల్లమొహం వేస్తే, చార్జింగ్ గురించి అడుగుతున్నాడని నేను తర్జుమా చేశాను. అన్నిట్లోకీ బరువైన, బలమైన క్యారియర్ ఉన్న ఒక నల్లబండి మామకు నచ్చింది. వెంటనే భుజం మీది తువ్వాలు తీసి సేల్స్‌మ్యాన్ చేతి మీద కప్పి, దాని కింద అతని వేళ్లు పట్టుకున్నాడు. సంతలో పక్కవాళ్లకు తెలియకుండా ధర చెప్పుకునేది అలాగే, ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే అంత. పాపం ఆ సేల్స్‌మ్యాన్ ముందు షేక్‌హ్యాండ్ అనుకుని నవ్వాడు, రెండో వేలు నొక్కేసరికి చెయ్యి లాక్కోబోయాడు, మూడో వేలికి “సార్, మేనేజర్ గారిని పిలుస్తా వదలండి” అన్నాడు. నేను హెల్మెట్ల అలమారా వెనక్కి వెళ్లి, ఈయనెవరో నాకు తెలియదన్నట్టు నిలబడ్డాను.

ఎలాగో బేరం కుదిరింది. చెయ్యి తిరిగి దక్కిన సంతోషంలో సేల్స్‌మ్యాన్, “మడిచి చూపిస్తానుండండి” అని నడిమధ్య ఉన్న గొళ్లెం లాగాడు. బండి రెండుగా ముడుచుకుపోయింది. అవ్వ కెవ్వుమంది. “అయ్యో, నడుం ఇరిగిపాయ!”

అది అలా విరిగేందుకే చేసిన బండి అని నేనూ, సేల్స్‌మ్యానూ, వచ్చిన మేనేజరూ తలా ఒకసారి చెప్పాం. దానికేం ప్రాణముందా నొప్పి పుట్టడానికి అని కూడా నేనన్నాను. అవ్వ వినలేదు. “నడుం ఇరిగేదాని మీద నేనెక్క. సందులో నన్ను నడిమిట్ల మడిసి పెట్టేస్తాది” అంది. కారు మాట్లాడినా, ఆటో మాట్లాడినా సందు సందే గనక, ఈ బండి ఎక్కనంటే చెల్లెల్ని చూడడం లేనట్టే. అవ్వకూ ఆ సంగతి తెలుసు. ఇంటికి వచ్చాక సాయంత్రం దాకా ఏమీ తినకుండా బండి వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత తనే లేచి, బండికి పసుపు కుంకుమ పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పసుపు కొమ్ము కట్టిన దారాన్ని సరిగ్గా ఆ మడత గొళ్లెం మీద పేటలు పేటలుగా చుట్టి బిగించి ముడేసింది. అహోబిలం వైపు తిరిగి ఏదో మొక్కుకుంది. “ఈ కంకణం నేను ఇప్పేదాక ఎవురూ ముట్టగూడదు. ఇప్పుడెక్కుతా” అంది. మా ఇంట్లో అవ్వ వేసిన ముడి విప్పగల మగవాడు ఇంకా పుట్టలేదు. ఆ విధంగా, మడవడానికని ఎక్కువ పోసి కొన్న బండి మడవకూడని బండి అయింది.

మంచం కింద పట్టదు గనక దాన్ని బస్సు మధ్యలో నిలబెట్టి తాళ్లతో కట్టాం. పొయ్యి దగ్గరికి వెళ్లాలంటే దాని మీంచి ఎక్కి దిగాలి. ముందురోజు చుట్టాలందరూ తలా ఒక రౌండు కొట్టి బ్యాటరీ ఖాళీ చేసేశారు. దారిలో నిండుతుందిలే అని బస్సులోనే ప్లగ్గు పెట్టి, మామ పక్కన కూర్చున్నాను. ఏప్రిల్ నెల ఎండ. ఊరు చేరి చూస్తే ప్లగ్గులో నా చార్జర్ లేదు, అవ్వ టేబుల్ ఫ్యాను ఉంది. “నువ్వే కదా, దానికి పానం లేదంటివి. నాకు పానముండాది” అంది అవ్వ.

కరెంటు సైకిల్ కాస్తా సైకిల్ అయింది. అవ్వ దిండు వేసుకుని వెనక కూర్చుని నా చొక్కా పట్టుకుంది. సందు మొదటినుంచి చివరిదాకా ఎక్కుడే. ఇనుము బరువు, అవ్వ బరువు, నా చదువు బరువు కలిసి తొడల మీద పడ్డాయి. అరుగుల మీదివాళ్లంతా లేచి చూశారు. “ఏమప్పా, కరెంటు బండంట్రి, కాళ్లతో తొక్కుతాండావే?” అన్నాడొకాయన. “కరెంటు పోయినట్టుండాదిలే” అని ఇంకొకాయన జాలిపడ్డాడు. వెనకనుంచి అవ్వ “తొక్కు నాయనా, ఇంగ రొంతే” అంటూనే ఉంది. ఆ గొంతు ఎందుకు వణుకుతోందో అప్పుడు నాకు పట్టలేదు. నాపరాళ్ల కుదుపనుకున్నాను.

చిన్నవ్వ గడప పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఏడుస్తారనుకున్నాను. “శానా సిక్కిపోయినావే” అంది అవ్వ. “నువ్వేమన్నా లావుండావా” అంది చిన్నవ్వ. తర్వాత ఒకరి ముఖం ఒకరు రెండు చేతులతో తడుముకున్నారు. మామ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నేను తొడలు రుద్దుకుంటున్నాను.

అన్నాలు తిన్నాక అవ్వ, “నువ్వూ పా, అహోబిలం పోదాం” అని చెల్లెల్ని లేవదీసింది. దిగుడు కాబట్టి ఇద్దర్నీ ఒకరి తర్వాత ఒకరిని సులభంగానే దింపాను. తీరా బస్సులో, నడుమ బండి నిలబడి ఉంటే మంచం మీద ఇద్దరు కాళ్లు చాపుకునే దారి లేదు. అవ్వ ఒక్క క్షణం చూసి, వంగి, తన చేత్తోనే కంకణం ముడి విప్పి కళ్లకద్దుకుంది. “చూసినా కదా దాని మొగం. ఇంగ మడిసి పెట్టు” అంది. నేను గొళ్లెం లాగగానే చిన్నవ్వ గుండెలు బాదుకుంది. అవ్వ విసుక్కుంది. “గమ్మునుండే. అది మడిసే బండి. నీకేం తెలుస్తాది?”

అహోబిలం దారి పొడుగునా వాళ్లిద్దరూ ఒకే దిండు మీద తలలు పెట్టుకుని చిన్నపిల్లల్లా గుసగుసలాడుకుంటూనే ఉన్నారు. ముందు సీట్లో నేను ఫోను తీసి ఆ బండికి రివ్యూ రాశాను. ‘మడత సులభం. బరువు ఎక్కువ. ఎక్కుడులో కష్టం. మూడు చుక్కలు.’ అది నలుగురికి ఉపయోగపడిందని కంపెనీవాళ్లు తర్వాత నాకు మెసేజ్ పంపితే మామకు గర్వంగా చూపించాను కూడా. వెనక మంచం మీద జరుగుతున్నదాన్ని గురించి ఒక్క ముక్క రాయాలని అప్పటి నాలోని ఆ కుర్రవాడికి తోచలేదు. ఈ మధ్య ఆ రివ్యూ మళ్లీ కంటపడింది. దిద్దుదామని వేలు పెట్టి, ఏం రాయాలో తెలియక, వాడి తెలివికి నవ్వుకుని అలాగే వదిలేశాను.