సారక్క బిళ్ళ

మా ఆగయ్య బావ అసుంటి మనిషిని మీరు చూసి ఉండరు. ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల పనిజేసి రిటైరైండు గని, బాయి మాత్రం ఆయన నెత్తిలకెల్లి పోలె. నన్నడిగితే అది సగం పిచ్చి, సగం ప్రేమ.

రిటైరైనంక కంపెనీ క్వార్టర్ ఖాళీ జెయ్యాలె గదా. గట్ల ఖాళీ జేసిన ఆరిండ్లోళ్లం కలిసి, గోదావరిఖనికెల్లి మంథని పోయే తొవ్వల ఇంత జాగ తీసుకున్నం. ఆరు ఇండ్లు, ఒక బోరు, ఒక బర్లకొట్టం. వరి, మక్క, కూరగాయలు కలిసే పండిస్తం, కలిసే తింటం. బావ ఆ పనంతా షిఫ్టుల లెక్క పంచిండు. పాలు పిండుడు ఫస్టు షిఫ్టు. మడికి నీళ్లు పెట్టుడు సెకండ్ షిఫ్టు. చేన్ల పడే అడివిపందులకు కావలి నైట్ షిఫ్టు. మా ఆయన సదానందం కూడా బాయి మనిషే. "అన్న చెప్పినట్టే జేద్దాం తియ్యి," అన్నడు. ఈయనకు సొంత బుద్ధి ఎప్పుడేడ్సింది.

అన్నిటికంటే పెద్ద ముచ్చట బిళ్ళల బోర్డు. బాయి దిగే ప్రతి మనిషికి నంబర్ కొట్టిన బిళ్ళ ఉంటది. దిగేటప్పుడు బోర్డుకు తగిలేసి పోవాలె, పైకొచ్చినంక తీసుకోవాలె. బిళ్ళ బోర్డు మీదనే ఉన్నదంటే మనిషి ఇంక లోపల ఉన్నట్టే. బావ పెయింట్ డబ్బా మూతలు గుండ్రంగ కత్తిరించి, ఇనుప మొలతోటి నంబర్లు కొట్టి, బర్లకొట్టం గోడకు ఒక పలక బిగించిండు. గేటు దాటి చేన్లకు పోయినా, గోదావరిఖనికి పోయినా బిళ్ళ తగిలెయ్యాలె. పొద్దూకినంక పలక ఖాళీగ ఉంటే అందరూ క్షేమం. ఎవరిదన్న మిగిలితే ఎతుకపోవాలె.

ఆరుగురు మొగోళ్లకు ఆరు బిళ్ళలు. నేను అంగడికి కూరగాయలు తీసుకపోత గదా, లొల్లి పెట్టుకొని ఏడో నంబర్ తీసుకున్న. తీసుకొని, "మా అక్కదేది బావా?" అని అడిగిన. అక్కంటే ఆయన భార్య, సారక్క.

"అదెక్కడికి పోతది? ఇంట్లనే ఉంటది గదా," అన్నడు.

సారక్క నవ్వి పొయ్యి కాడికి పోయింది. నాకైతే ఒళ్లు మండింది. ఆ బిళ్ళ ఇలువ ఆమె కంటె ఎక్కువ ఎరుకైనోళ్లు మా అందరిల ఎవరున్నరు? ఎన్కట ఓపారి బాయిల తొవ్వ మూసుకపోయి బావ పైకి రాకపోతే, సారక్క పొద్దటికెల్లి మాపటిదాక ఆ బోర్డు కాడనే నిలబడ్డది. "పదకొండొందల నలభై ఏడు. ఆ నంబర్ మీదికెల్లి కన్ను తియ్యలె జమునా. తీస్తే ఆయన రాడేమో అనిపిచ్చింది," అని నాకు చెప్పింది. గసుంటి మనిషికి బిళ్ళ లేదు.

మొన్న వానకాలం ఒకనాడు పొద్దుగాల, "నోరు చప్పగున్నదే, తుమ్మికూర తింటే బాగుండు," అన్నడు బావ అక్కతోటి. అని మర్చిపోయిండు. మాపటేళకు మబ్బు పట్టింది. చేన్లకెల్లి వచ్చి అందరం అరుగు మీద మక్కకంకులు ఒలుస్తున్నం. బావ పలక చూసిండు, ఖాళీగున్నది. "అందరొచ్చిన్రు. ఇగ వాన పడితే పడనీ," అని నిమ్మలంగ కూసున్నడు. "ఏమే, చాయ్ పెట్టు," అని లోపటికి కేకేసిండు.

చాయ్ రాలె. కొట్టంల బర్రె ఒకటే అరుస్తున్నది. నేను లేచి లోపటికి పోయి చూస్తే పొయ్యి సల్లగున్నది.

"అక్క లేదు బావా."

ఆయన మల్ల పలక దిక్కు చూసిండు. "బోర్డు మీద ఏం లేదు గదా," అన్నడు, చిన్నపిల్లగాని లెక్క.

"బిళ్ళ ఇయ్యకపోతే బోర్డెట్ల చెప్తది?" అన్న. అంత గట్టిగ అనకపోవాల్సింది. ఆయన చెప్పులు గూడ తొడుక్కోకుంట గేటు దిక్కు ఉరికిండు.

తుమ్మికూర దొరికేది ఒర్రె ఒడ్డుకే. చిన్న వాగే గని, పైన గట్టి వాన పడితే గడియల నడుము దాటుతది. బావ, సదానందం ముందల, నేను ఎన్కాల. సినుకులు మొదలైనయి. సారక్క నీళ్లల్ల కూసొని ఉన్నది. జారిపడితే కాలు రెండు బండల నడుమ ఇరుక్కున్నది. కొంగుల కట్టిన తుమ్మికూరను మాత్రం తడవకుంట ఎత్తిపట్టుకున్నది, చూడున్రి ఆ తల్లి.

సదానందం బండ జరిపిండు. బావ ఆమెను ఒడ్డుకు తెచ్చి, బురదలనే కూలబడి ఏడ్సిండు. "ఎంతసేపైందే? కేకెయ్యద్దా?"

"ఏసిన. మోటర్ సప్పుడుకు ఇనబడలేదేమో," అన్నది. కొంగుల కూర ఆయన చేతుల పెట్టి, "నా బిళ్ళ లేదు గదా. ఎవరొస్తరు అనుకున్న," అన్నది. దెప్పినట్టు గాదు, ఉన్నమాట చెప్పినట్టు అన్నది.

దవాఖానల ఎముక ఇరగలేదన్నరు. పట్టీ కట్టి, మూడు వారాలు కాలు కిందపెట్టద్దన్నరు. ఆ మూడు వారాలు బావ ఏ షిఫ్టు చెయ్యలె, అక్క కాడనే ఉన్నడు. అన్నం వండిండు, మాడగొట్టిండు. రెండోనాడే బిళ్ళ తయారుజేసిండు. దేనితోటో తెలుసా? ముప్పై రెండేండ్లు ఆయన బాయిలకు మోసుకపోయిన సద్దిగిన్నె మూతతోటి. "బంగారమసుంటి మూత కరాబ్ జేసినవు," అని అక్క తిట్టింది. దానిమీద ఒకటో నంబర్ కొట్టిండు. అప్పటిదాక ఒకటో నంబర్ ఆయనదే. ఆయన ఎనిమిదికి పోయిండు.

కాలు నయమై అక్క మొదటిపారి బయట తిరిగిన రోజు, నేను గడ్డివాము ఎన్కకు పోతే ఆమె ఆడ కూసొని ఉన్నది.

"ఏందక్కా, ఈడున్నవు?"

"ఊకో," అని పలక దిక్కు చూపిచ్చింది. ఒకటో నంబర్ దానికి తగిలేసి ఉన్నది.

అప్పుడే బావ మడికెల్లి వచ్చిండు. తన బిళ్ళ తీసుకోబోయి ఆగిండు. పార ఆడనే పడేసి గేటు దిక్కు ఉరికిండు. పెండ్లైనకాడికెల్లి "ఏమే" తప్ప పేరుపెట్టి పిల్వని మనిషి, ఒర్రె దిక్కు తిరిగి "సారక్కా" అని పిలుస్తున్నడు. పాపమనిపిచ్చి నేను లేవబోతే, అక్క నా చెయ్యి పట్టి కూసోబెట్టింది.

"ముప్పై రెండేండ్లు నేను ఎదురుచూసిన జమునా. జరసేపు ఆయన్ను గూడ చూడనీ," అన్నది. కండ్లల్ల నీళ్లున్నయి, మూతి మీద నవ్వున్నది.

మూడోపారి పిలిచినంక పలికింది.