గొడుగు పాటకు రెండు ముఠాలు

1979లో వానాకాలం పంట, సార్వా నాట్లప్పటి మాట. నందిగామ దగ్గర కాలువ చివరి పొలాలకు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. నేను ఒక ఆడకూలీల ముఠాకు మేస్త్రిని. మేస్త్రి అంటే కూలి మాట్లాడాలి, వరుస దింపాలి, అన్నిటికన్నా ముఖ్యంగా పాట ఎత్తుకోవాలి. నేను ఒక మాట పాడితే ముఠా అంతా బదులు పాడుతుంది. ఆ బదులు మీదే చేతులు ఆడతాయి. అందుకని కొత్త పాట కట్టేటప్పుడు, నడుం వంచి పాడేవాళ్లకు ఊపిరి అందేలా బదులు పొట్టిగా ఉండాలి. అప్పటికి నాకు అక్షరాలు రావు. పాటలన్నీ నోట్లోనే ఉండేవి.

నీళ్లు ఆగిపోతాయన్న భయంతో ఆ ఏడు మా ఆసామి రామయ్యగారు మధిర వైపు నుంచి బుచ్చమ్మ ముఠాను కూడా పిలిపించారు. పెద్ద మడి మధ్యలో కర్ర పాతి, మమ్మల్ని చెరో గట్టు నుంచి దిగమన్నారు. ముందు కర్ర దగ్గరకు చేరిన ముఠాకే ఈ సీజన్ పనంతా ఇస్తానన్నారు. అందరికీ మజ్జిగ పోయిస్తానని కూడా అన్నారు గానీ, కుండ జాడ లేదు. మా ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

చిక్కు పాట దగ్గర వచ్చింది. మాది నిదానం పాట, వాళ్లది గబగబా సాగేది. మావాళ్లు వాళ్ల బదులు అందుకుని మా పాట మర్చిపోయారు. అటు కూడా అంతే. చేతుల్లో నారుతో అందరూ నిలబడిపోయారు. గట్టు మీద గొడుగు కింద కూర్చున్న రామయ్యగారు పాటలు మాని పని చూడమన్నారు. మానేశాం. కబుర్లు మొదలై పని ఇంకా మందగించింది.

ఇక లాభం లేదని రెండు ముఠాలకూ సరిపోయే పాట అప్పటికప్పుడు కట్టి ఎత్తుకున్నాను.

“గట్టు మీద గొడుగెవరిదమ్మా?”

అవతలి నుంచి బుచ్చమ్మ ఠక్కున అందుకుంది.

“బురద ఎరగని కాళ్లదమ్మా.”

“ఇస్తానన్న మజ్జిగ ఏడుందమ్మా?”

“అన్న నోట్లోనే పులిసిందమ్మా.”

రెండు ముఠాలూ ఒకే గొంతయ్యాయి. నారు కట్టలు అందించేవాళ్లకు ఊపిరాడలేదు. నాట్లు వేసేవాళ్లు నాటినది తొక్కకుండా వెనక్కి నడుస్తారు. పాట ఊపులో కర్ర సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఉన్నట్టుండి వెనకలు వెనకలు గుద్దుకుని రెండు వరుసలూ బురదలో కూలబడ్డాయి. బదులు మాత్రం ఎవరూ ఆపలేదు, కూర్చునే పూర్తి చేశారు.

రామయ్యగారు గొడుగు వదిలేసి మడిలోకి దిగొచ్చి, ముందెవరు చేరారని అడిగారు. కర్ర నాకూ బుచ్చమ్మకూ మధ్య విరిగి ఉంది.

“ఏం జెప్పాలె అయ్యా, ఇద్దరం కూసునే ఉన్నం గదా” అంది బుచ్చమ్మ.

పని చెరిసగం చేసుకోమన్నారాయన విసుగ్గా.

“సగాలొద్దండి. రెండు ముఠాల్నీ ఒకే వరుసలో దింపండి. విడదీస్తే పాట తెగుద్ది” అన్నా.

ఆయన తన కాళ్ల బురదను కాసేపు చూసుకున్నారు. “సరే, దింపుతా. ఆ మజ్జిగ మాట మాత్రం తీసెయ్యాలి.”

“మజ్జిగొస్తే అదే పోద్దండి.”

మధ్యాహ్నానికి కుండ వచ్చింది. ఆ సీజనంతా రెండు ముఠాలకూ పని దొరికింది.

పాట ఎత్తుకునేవాళ్ల గొప్ప ఏమీ లేదని నాకు ఆ రోజు తెలిసింది. బదులు ఎవరి నోటికైనా, పోటీకి వచ్చినవాళ్ల నోటికైనా ఇట్టే పట్టాలి. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. ఆ తర్వాత కట్టిన ప్రతి నాట్ల పాటలోనూ మధ్య మధ్య ఒక మాట పెట్టాను: “వెనకెవరున్నారో చూడవే అక్కా.”